వెదురు స్టిక్స్ సంగతి తర్వాత, ముందు మీ బుకింగ్ మెయిల్స్ తీయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఐదుగురున్న బ్యాండ్, నెలకి రెండు మూడు షోలు, అందులో కొన్ని దూరప్రాంతాల్లో, వచ్చే ఏడాది మొదటి ఆల్బమ్‌ని వైనిల్ (గ్రామఫోన్ తరహా రికార్డు) మీద తేవాలన్న ఆలోచన. మీ వల్ల పర్యావరణానికి జరిగే నష్టం తగ్గించుకోవాలి, దానికి వెదురు డ్రమ్‌స్టిక్స్ వాడాలా, స్ట్రింగ్స్ రీసైక్లింగ్‌కి ఇవ్వాలా, పాటల్ని స్ట్రీమింగ్‌లో పెట్టడం మానేయాలా అని.

నేను చాలా ఏళ్లు వాయించాను, తర్వాత టూర్ ప్రొడక్షన్ వైపు వచ్చాను. అంటే వ్యాన్లు, కరెంటు, సామాన్లు, ఎవరు ఎప్పుడు ఎక్కడ దిగుతారు, ఇదీ నా పని. అక్కడినుంచి చూసి చెబుతున్నాను: మీరు అడిగిన మూడూ చేయొచ్చు, చేస్తే తప్పేమీ లేదు, కానీ మూడూ కలిపినా పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది రెండు చోట్ల. మనుషులూ సామానూ ఎంత దూరం ఎలా కదులుతున్నాయి, స్టేజికి కరెంటు ఎక్కడినుంచి వస్తోంది. ఈ రెండూ షో ఒప్పుకునే రోజే దాదాపుగా తేలిపోతాయి. డేట్ ఖరారై పోస్టర్ బయటికి వచ్చాక మీరు ఎంత మొత్తుకున్నా మార్చగలిగేది కొంచెమే.

నమ్మకపోతే కాగితం తీసుకుని లెక్క వేయండి, పది నిమిషాల పని. మీ షోకి 300 మంది వచ్చారనుకుందాం. సగటున 20 కిలోమీటర్ల దూరం నుంచి, కారుకి ఇద్దరు చొప్పున. 150 కార్లు, రానూపోనూ 40 కిలోమీటర్లు, మొత్తం 6,000 కిలోమీటర్లు. మామూలు పెట్రోలు కారు కిలోమీటరుకి సుమారు 170 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి అది టన్ను దాకా వచ్చింది. మీ డీజిల్ వ్యాను సామాన్లతో 400 కిలోమీటర్లు తిరిగితే ఓ 100 కిలోలు. సౌండూ లైట్లూ కలిపి 10 కిలోవాట్లు, ఐదు గంటలు నడిస్తే 50 యూనిట్లు; సరైన సైజు డీజిల్ జెనరేటర్ మీద అది దాదాపు 17 లీటర్లు, లీటరుకి 2.7 కిలోల చొప్పున 45 కిలోల పైచిలుకు. ఇక ఆ రాత్రి మీ గిటారిస్టు మార్చిన స్ట్రింగ్స్ సెట్టు బరువే కొన్ని పదుల గ్రాములు.

ఇప్పుడు అదే షోకి మీ ఐదుగురూ 600 కిలోమీటర్లు విమానంలో వెళ్లి వచ్చారనుకోండి. దేశం లోపలి విమానాలకి ప్రయాణికుడికి కిలోమీటరుకి సుమారు 250 గ్రాములని బ్రిటన్ ప్రభుత్వం ఏటా విడుదల చేసే లెక్కల్లో ఉంటుంది. అవే లెక్కల్లో రైలుకి 35 గ్రాముల దరిదాపు, దూరప్రయాణ బస్సుకి 30 లోపే. దేశాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి గానీ వరస మారదు. ఐదుగురు, 1,200 కిలోమీటర్లు, అంటే ఒకటిన్నర టన్ను. 300 మంది ప్రేక్షకుల కార్లన్నీ కలిపినా మీ ఐదుగురి టికెట్ల ముందు తేలిపోయాయి. చిన్న బ్యాండ్‌కి చిత్రమంతా ఇంతే: విమానం ఎక్కితే మీ ప్రయాణమే పెద్ద భారం, ఎక్కకపోతే ప్రేక్షకుల ప్రయాణం పెద్ద భారం, మిగతావన్నీ వీటి వెనకే.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. బ్రిటిష్ బ్యాండ్ రేడియోహెడ్ 2007లోనే తమ పాత అమెరికా టూర్ల మీద ఆడిట్ చేయించుకుంటే అందులో అన్నిటికన్నా పెద్ద పద్దు అభిమానుల ప్రయాణమని తేలింది. ఆ తర్వాతి ఏడాది టూర్‌కి వాళ్లు బస్సు, రైలు సౌకర్యం ఉన్న వేదికలు చూసుకున్నారు, సామాను విమానంలో కాకుండా ఓడలో పంపారు. సామాను సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, అదే టన్ను బరువుని అంతే దూరం విమానంలో పంపితే ఓడకన్నా పదుల రెట్లు ఎక్కువ ఉద్గారాలు. ఓడకి వారాలు పడుతుంది, అందుకే ముందుగా ప్లాన్ లేనివాళ్లు అందరూ విమానానికే వెళతారు. అంటే కార్గో నిర్ణయం కూడా నిజానికి క్యాలెండర్ నిర్ణయమే.

బ్రిటన్‌కే చెందిన మాసివ్ అటాక్ బ్యాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని టిండాల్ సెంటర్ వాతావరణ పరిశోధకులకి 2019లో టూర్ల ఉద్గారాలు ఎలా తగ్గించాలో చూసే పని అప్పగిస్తే 2021లో నివేదిక వచ్చింది. 2024 ఆగస్టు 25న బ్రిస్టల్‌లో వాళ్లు జరిపిన ఒకరోజు కచేరీ పూర్తిగా బ్యాటరీల మీద నడిచింది. ప్రేక్షకుల కార్లకి పార్కింగే పెట్టలేదు, చుట్టుపక్కల ఉండేవాళ్లకి ముందుగా టికెట్లు అమ్మారు, స్టేషన్ల నుంచి ఎలక్ట్రిక్ షటిల్ బస్సులు నడిపారు. చూడండి, ఇందులో సంగీతకారులు స్టేజి మీద చేసింది ఒక్కటీ లేదు. అంతా ముందే కూర్చుని రాసుకున్నది.

సరే, మీరు మాసివ్ అటాక్ కాదు, నేను కూడా కాదు. మీ చేతిలో ఏముంది?

మొదటిది రూటు. డేట్లు వచ్చిన వరసలో ఒప్పుకుంటూ పోతే పటం మీద చూస్తే పిచ్చిగీతల్లా ఉంటుంది: శుక్రవారం ఉత్తరాన, శనివారం దక్షిణాన, మళ్లీ ఆదివారం ఉత్తరాన. దీనికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. పెద్ద ఫెస్టివల్స్ కాంట్రాక్టులో తరచూ ఒక నిబంధన ఉంటుంది, ఫెస్టివల్‌కి ముందూ వెనకా ఇన్ని వారాలు, ఇన్ని కిలోమీటర్ల లోపల ఇంకెక్కడా వాయించకూడదని. వ్యాపారంలో దీన్ని రేడియస్ క్లాజ్ అంటారు. షో పెట్టించే ప్రమోటర్ భయం అర్థమయ్యేదే, పక్క ఊళ్లో వందమంది చిన్న హాల్లో మిమ్మల్ని చూసేస్తే తన టికెట్లు తెగవని. కానీ దాని ఫలితం ఏమిటంటే అంత దూరం వెళ్లి ఒక్క షో వాయించి తిరిగి రావాలి. అదే ప్రయాణానికి మూడు నాలుగు షోలు చేసుకునే వీలుంటే ఒక్కో షోకి పడే భారం మూడో వంతో నాలుగో వంతో అవుతుంది, మీ డీజిల్ డబ్బులూ మిగులుతాయి. ఈ క్లాజ్ రాతిమీద చెక్కిందేం కాదు. ఫెస్టివల్ పోస్టర్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉండే బ్యాండ్ పక్క ఊళ్లో వాయిస్తే ఎవరి టికెట్లూ ఆగిపోవు, ఆ సంగతి ప్రమోటర్‌కీ తెలుసు. అడిగితే చాలాసార్లు దూరమో వారాలో తగ్గిస్తారు. అడగరు, అదే సమస్య. కాంట్రాక్టు వచ్చింది కదా అన్న సంతోషంలో సంతకం పెట్టేస్తారు.

విమానం అసలు ఎక్కొద్దా అంటే, నేనైతే అంత దూరం వెళ్లను. స్వీడన్‌లో హెల్సింగ్‌బోరి సింఫనీ ఆర్కెస్ట్రా 2019లో విమానంలో వచ్చే కండక్టర్లనీ (వాద్యబృందాన్ని నడిపించేవాళ్లనీ) సోలోయిస్టులనీ పిలవబోమని చెప్పింది. రైళ్లు బాగా ఉన్న చోట, పేరున్న సంస్థకి అది కుదురుతుంది. ఎదుగుతున్న బ్యాండ్‌కి సముద్రం అవతల నుంచి పిలుపొస్తే వద్దనమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఒక్క షో కోసం వెళ్లకండి, వెళ్తే కనీసం పది రోజుల పని కట్టుకుని వెళ్లండి, అక్కడ దిగాక రైలో వ్యానో. అలాగే ఎవరైనా బిజినెస్ క్లాస్ ఇస్తామంటే, దూరపు విమానాల్లో ఆ సీటు ఆక్రమించే జాగాని బట్టి దాని వాటా ఎకానమీ సీటుకి మూడింతల దాకా వస్తుందని గుర్తుంచుకోండి.

రెండోది ప్రేక్షకుల ప్రయాణం. ఇది మన చేతుల్లో లేదని అందరూ అంటారు. షో ఎన్నింటికి ముగుస్తుందో మీ చేతిలో లేదా? దీన్ని చాలా తక్కువమంది పట్టించుకుంటారు. నేను ఎన్నో హాళ్లలో చూసిన వరస ఇది: డ్రమ్స్ సౌండ్‌చెక్ ముప్పావుగంట సాగుతుంది, తలుపులు ఆలస్యంగా తీస్తారు, ఓపెనింగ్ బ్యాండ్ ఆలస్యంగా ఎక్కుతుంది, మీరు పదికి దిగాల్సింది పదకొండింటికి దిగుతారు, చివరి బస్సు పదీనలభైకే వెళ్లిపోయింది. పదింపావు నుంచే వెనక వరసల్లో జనం ఫోన్లలో టైమ్ చూసుకుంటూ ఒక్కొక్కరే జారుకోవడం స్టేజి మీదినుంచి కనపడుతుంది. అలా ఒకసారి ఇరుక్కున్న మనిషి తర్వాతిసారి కారేసుకుని వస్తాడు, లేదా అసలు రాడు. కాబట్టి ముందు చివరి బస్సు, చివరి రైలు టైమ్ చూడండి, అక్కడినుంచి నలభై నిమిషాలు వెనక్కి లెక్కేసి షో ముగింపు పెట్టండి, టికెట్ పేజీలో ఆ ముగింపు టైమ్ రాయండి. రాసిన టైమ్‌కి ముగించండి కూడా! జర్మనీలో చాలా కచేరీల టికెట్ చూపిస్తే ఆ రోజు ఊళ్లో బస్సులూ రైళ్లూ ఎక్కొచ్చు, టికెట్ ధరలోనే అది కలిసి ఉంటుంది. మీ స్థాయిలో అంత ఒప్పందం కుదరకపోవచ్చు గానీ వెన్యూ చిరునామా పక్కన పార్కింగ్ వివరాలకి బదులు స్టేషన్ నుంచి నడక దారి పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడోది బ్యాక్‌లైన్, అంటే స్టేజి మీద ఉండే డ్రమ్స్, యాంప్లిఫయర్ల లాంటి బరువు సామాను. ఒకే రాత్రి మూడు బ్యాండ్లు వాయిస్తుంటే మూడు డ్రమ్ కిట్లు, మూడు బాస్ క్యాబినెట్లు మోసుకురావడం ఎందుకు? డ్రమ్మర్ తన స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ తెచ్చుకుంటే చాలు, మిగతా కిట్ పంచుకోవచ్చు. రెండు వాహనాల బ్యాండ్ ఒక వాహనంలోకి వచ్చేది సాధారణంగా ఇక్కడే. గిటారిస్టులు యాంప్ మోడలర్ (యాంప్లిఫయర్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే చిన్న పెట్టె) అంటే మొహం ముడుస్తారని తెలుసు, పాత ట్యూబ్ యాంప్ సౌండ్ మీద ప్రేమ నాకూ ఉంది, ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్లను.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వృథా ఎవరి కంటికీ కనపడదు. ఓపెన్ గ్రౌండ్ షోకి ప్రొడక్షన్ వాళ్లు ప్రతి డిపార్టుమెంటునీ ఎంత పవర్ కావాలని అడుగుతారు. సౌండ్ వాళ్లు యాంప్లిఫయర్ల వెనక ప్లేటు మీద రాసిన గరిష్ఠ అంకెలన్నీ కూడతారు, లైట్ల వాళ్లూ అదే చేస్తారు, ఎవరికి వాళ్లు భయానికి పావు వంతు కలుపుతారు, జెనరేటర్ అద్దెకిచ్చేవాడు ఇంకో సైజు పైకి వెళతాడు. చివరికి 100 కేవీఏ (సుమారు 80 కిలోవాట్ల) జెనరేటర్ వచ్చి నిలబడుతుంది, దాని మీద షో మధ్యలో కూడా నిజంగా పడే లోడు 15 కిలోవాట్లు. పొద్దున లోడింగ్‌కి ఆన్ చేసిన మిషను అర్ధరాత్రి దాకా ఆగదు, సౌండ్‌చెక్‌కీ షోకీ మధ్య ఐదు గంటలు ఒక ఫ్రిజ్, నాలుగు ఫోన్ చార్జర్ల కోసం తిరుగుతూనే ఉంటుంది. డీజిల్ ఇంజన్ తన సామర్థ్యంలో 70, 80 శాతం మీద ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. 30 శాతం లోపల గంటల తరబడి నడిస్తే యూనిట్‌కి తాగే డీజిల్ బాగా పెరుగుతుంది, ఇంధనం పూర్తిగా కాలక పొగగొట్టంలో నల్లటి జిడ్డు పేరుకుంటుంది, ఇంజన్ కూడా పాడవుతుంది. అంటే ఇంత డబ్బు పెట్టి మిషన్ పాడుచేసుకుని గాలి పాడుచేస్తున్నారన్నమాట.

మీరు చేయగలిగింది: మీ స్టేజి నిజంగా ఎంత లాగుతుందో ఒకసారి కొలిపించండి. రిహార్సల్‌లో ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటర్ పెట్టిస్తే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ అంకె మీ టెక్నికల్ రైడర్‌లో (వెన్యూకి పంపే సాంకేతిక అవసరాల జాబితాలో) రాయండి, 'గరిష్ఠంగా ఇంత, మామూలుగా ఇంత' అని రెండూ. రెండో వాక్యంగా, వెన్యూలో గ్రిడ్ కనెక్షన్ ఉంటే దాని మీదే నడపాలని రాయండి. హాలు గోడకి మూడు ఫేజుల సాకెట్ ఉన్నా అలవాటు కొద్దీ బయట జెనరేటర్ పెట్టే వెన్యూలు ఉన్నాయి, తమాషాగా చెప్పట్లేదు. లైట్లయితే పాత పార్ 64 క్యాన్ (డబ్బా ఆకారపు స్టేజి లైటు) ఒక్కోటి 1,000 వాట్లు లాగేది, ఎల్‌ఈడీ పార్ అదే పని 200 వాట్ల లోపు చేస్తుంది, వేడి కూడా తక్కువ కాబట్టి ఏసీ మీద భారం తగ్గుతుంది. పీఏలో (హాలంతా వినిపించే స్పీకర్ల వ్యవస్థలో) కొత్త క్లాస్-డి యాంప్లిఫయర్లు 90 శాతం దాకా కరెంటుని పనికొచ్చే పవర్‌గా మారుస్తాయి, పాత క్లాస్-ఏబీ యాంప్స్‌లో దాదాపు సగం వేడిగానే పోతుంది. ఇవి మీరు కొనక్కర్లేదు, అద్దెకి తెచ్చేటప్పుడు అడగాలంతే. వంటనూనెల నుంచి తయారయ్యే హెచ్‌వీఓ డీజిల్ గురించి కూడా వింటారు. వాడేసిన నూనెతో చేసిందైతే మంచిదే, పామాయిల్ నుంచి వచ్చిందైతే దాని వెనక అడవుల కథ ఉంటుంది, కాబట్టి ఎక్కడిదని అడగకుండా ఒప్పుకోకండి.

ఇవన్నీ ప్రమోటర్‌కి ఎలా చెప్పాలంటారా? ఉపన్యాసం వద్దు. నేను పంపే మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది: 'మా స్టేజి లోడు మామూలుగా 6 కిలోవాట్లు, గరిష్ఠం 9. హౌస్ పవర్ (హాలు సొంత కరెంటు) ఉంటే అదే చాలు. డ్రమ్ కిట్, బాస్ క్యాబ్ మిగతా బ్యాండ్లతో పంచుకుంటాం, స్పెక్ జతచేశాను. చివరి రైలు 11:05కి ఉంది కాబట్టి మా సెట్ 10:20కి ముగిసేలా పెట్టగలరా? గ్రీన్‌రూమ్‌లో నీళ్ల బాటిళ్లు వద్దు, క్యాన్ పెడితే మా సీసాలు మేమే నింపుకుంటాం. మీ షోకి అటూఇటూ ఆ ప్రాంతంలోనే ఇంకో రెండు షోలు చూసుకుంటున్నాం, రేడియస్ క్లాజ్ 50 కిలోమీటర్లకి తగ్గించగలరా?' ఇందులో పర్యావరణం అన్న మాటే లేదు. ఉన్నవాటిలో సగం ప్రమోటర్‌కి డబ్బు మిగిల్చేవి, అందుకే ఒప్పుకుంటారు. ఇది ఫీజు మాట్లాడేటప్పుడే పంపండి, ఫీజు కుదిరాక పంపితే కొత్త బేరం పెట్టినట్టు చూస్తారు.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. పెడల్స్‌కి 9 వోల్టుల బ్యాటరీలు వాడుతుంటే పవర్ సప్లై కొనండి. అంతవరకు, చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించడం అయిపోగానే లాగేయండి. వైర్‌లెస్ మైకులకీ ఇన్-ఇయర్ ప్యాకులకీ (చెవిలో పెట్టుకునే మానిటర్ల రిసీవర్లకి) ప్రతి షోకి కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేసి సగం చార్జి ఉండగానే పారేసే అలవాటు పోవాలి, మంచి నికెల్-మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్స్ వందల సార్లు వస్తాయి. స్ట్రింగ్స్ వాయించిన వెంటనే పొడిబట్టతో తుడిస్తే ఎక్కువ రోజులు నిలుస్తాయి, అది రీసైక్లింగ్ కన్నా నయం. శాక్సఫోన్, క్లారినెట్ రీడ్లు మొక్క కాడలే, వాటి గురించి టెన్షన్ వద్దు. వెదురు స్టిక్స్ బాగుంటే వాడండి, మామూలు స్టిక్స్ చేసే హికరీ కూడా చెట్టే, మళ్లీ పెరిగేదే.

వైనిల్ గురించి మీకు నచ్చని మాట చెప్పాలి. అది పీవీసీ ప్లాస్టిక్, ఆవిరితో వేడెక్కే ప్రెస్‌లో అచ్చవుతుంది. ఆ బాయిలర్లు ఎక్కువచోట్ల గ్యాస్ మీద నడుస్తాయి. తేవొద్దని అనను, బ్యాండ్లకి చేతికి డబ్బొచ్చే కొద్ది దారుల్లో అదొకటి. కానీ తెచ్చే పద్ధతి ఉంది. 180 గ్రాముల డిస్క్ వల్ల సౌండ్ మెరుగవదు, కటింగ్, ప్రెసింగ్ బాగుంటే 140 గ్రాములు చాలు, ఆ ఒక్క నిర్ణయంతో ప్లాస్టిక్ ఐదో వంతు తగ్గుతుంది. ప్రెస్‌లో మిగిలిన ముక్కల్ని మళ్లీ కరిగించి చేసే రీగ్రైండ్ డిస్కులు అడగండి, ఒక్కో కాపీ ఒక్కో రంగులో వస్తుంది, కొనేవాళ్లకి అదే ముచ్చట. బయట ప్లాస్టిక్ రేపర్ వద్దనండి. బయోవైనిల్ అని అమ్మేదాంట్లో ముడిసరుకు లెక్క కాగితాల మీద సర్దుబాటు చేసే పద్ధతిలో ఉంటుంది, మీ చేతిలోని డిస్క్‌లో ఎంత మొక్కల నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అయినా మామూలు పీవీసీ కన్నా మేలే. అన్నిటికన్నా ముఖ్యం, ప్రీ-ఆర్డర్లు తీసుకుని ఆ లెక్కకి కొంచెం పైన మాత్రమే అచ్చు వేయించండి. మంచం కింద అమ్ముడుపోని రెండొందల డిస్కులకన్నా చెడ్డ డిస్క్ ఉండదు.

అయితే స్ట్రీమింగే నయమా? గ్లాస్గో, ఓస్లో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2019లో అమెరికా లెక్కలు బయటపెట్టారు: సీడీలు వెలిగిపోతున్న 2000లో సంగీత పరిశ్రమ 6.1 కోట్ల కిలోల ప్లాస్టిక్ వాడితే 2016కి అది 80 లక్షల కిలోలకి పడిపోయింది. కానీ ఉద్గారాలు 15.7 కోట్ల కిలోల నుంచి 20–35 కోట్ల కిలోలకి పెరిగాయని అంచనా. ఈ రెండో అంకెని పట్టుకుని స్ట్రీమింగ్ పాపమని రాసేవాళ్లు చాలామంది. నా అభిప్రాయంలో అది ఎక్కువ అంచనా. అంతర్జాతీయ ఇంధన సంస్థ విశ్లేషణ 2020లో గంటసేపు వీడియో చూస్తే 36 గ్రాములే అని తేల్చింది, పాట వినడానికి అంతకన్నా బాగా తక్కువ డేటా పడుతుంది. పైన లెక్కేసిన కారు కిలోమీటరుకే 170 గ్రాములు. కాబట్టి మీ పాటలు స్ట్రీమింగ్‌లో ఉంచండి.

స్టూడియోలో కరెంటు కన్నా కొత్త సామాను కొనడమే బరువు. లాప్‌టాప్ జీవితకాలపు ఉద్గారాల్లో ఎక్కువ భాగం అది తయారవడంలోనే అయిపోతుంది. ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడే ఎఫెక్టులు) ఎక్కువై సెషన్ ఆగిపోతుంటే కొత్త మిషన్ కొనేముందు ట్రాకులు ఫ్రీజ్ చేసి, బౌన్స్ చేసి (ఎఫెక్టులతో సహా మామూలు ఆడియోగా మార్చి) చూడండి, ఇంకో మూడేళ్లు లాగుతుంది.

వాయిద్యాల కలప సంగతి వేరే కథ, ఇక్కడ సమస్య కార్బన్ కాదు, చెట్టు జాతే మిగలకపోవడం. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌ని 1992లోనే అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో చేర్చారు. రోజ్‌వుడ్ కుటుంబం మొత్తాన్నీ 2017 జనవరి 2 నుంచి రెండో అనుబంధంలోకి తెస్తే గిటార్ తయారీదారులూ అమ్మకందారులూ పర్మిట్లతో తల పట్టుకున్నారు, 2019లో తయారైన వాయిద్యాలకి మినహాయింపు వచ్చింది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు, అలాంటి పాత గిటార్‌తో దేశం దాటాలంటే కాగితాలుండాలి. వయొలిన్ కమానులకి వాడే పెర్నంబుకో 2007 నుంచి రెండో అనుబంధంలో ఉంది. ఫింగర్‌బోర్డులకి వాడే నల్ల కలప ఎబొనీ విషయం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది: 2011లో టేలర్ గిటార్స్ ఒక భాగస్వామితో కలిసి కామెరూన్‌లో మిల్లు కొన్నాక తెలిసిందేమిటంటే, పూర్తిగా నల్లగా ఉన్న ఒక్క చెట్టు కోసం దాదాపు పది చెట్లు కొట్టి, చారలున్నాయని అడవిలోనే వదిలేస్తున్నారు. చారలున్న ఎబొనీ వాయించడానికి అచ్చం నల్లదానిలాగే ఉంటుంది. మీరు గిటార్ కొనేటప్పుడు ఫింగర్‌బోర్డు మీద గోధుమరంగు చారలు కనిపిస్తే బేరం తగ్గించమని అడక్కండి. ఇంకా మంచిది సెకండ్‌హ్యాండ్ కొనడం. ఇప్పటికే ఉన్న రోజ్‌వుడ్ గిటార్ అమ్మేసి 'ఎకో' గిటార్ కొనడం మటుకు అర్థంలేని పని.

టీషర్టులు: ఒక నూలు టీషర్టుకి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని పర్యావరణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చెబుతుంది. వెనకాల టూర్ డేట్లు అచ్చు వేయకండి. డేట్లున్న చొక్కా ఆ టూర్ అయిపోగానే చెత్త, డేట్లు లేనిది వచ్చే ఏడాది కూడా అమ్ముడుపోతుంది.

చివరగా చెట్లు నాటడం. ఎవరో ఒకరు మీకు ఈ సలహా ఇస్తారు, టూర్ మామూలుగా చేసుకుని ఆ లెక్కకి ఆఫ్‌సెట్ (మన ఉద్గారాలకి బదులుగా వేరేచోట చెట్లు నాటడం లాంటి పనికి డబ్బు కట్టడం) కొనేయండి అని. బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే 2002లో ఒక ఆల్బమ్ కోసం కర్ణాటకలో 10,000 మామిడి మొక్కలు నాటించడానికి డబ్బు కట్టింది, వాటిలో చాలా మొక్కలు ఎండిపోయాయని 2006లో పత్రికలు రాశాయి. నీళ్లు పోసేవాళ్లు లేకపోతే మొక్క బతకదు కదా. అదే బ్యాండ్ 2019లో టూర్లు ఆపి, 2022లో మొదలుపెట్టిన టూర్‌లో పద్ధతి మార్చింది, బీఎండబ్ల్యూ ఐ3 కారు బ్యాటరీలతో షో నడిపింది, రూటూ సరుకు రవాణా మళ్లీ లెక్కేసుకుంది. 2016–17 టూర్‌తో పోలిస్తే షోకి షో నేరు ఉద్గారాలు 59 శాతం తగ్గాయని 2024లో ప్రకటించింది, ఎంఐటీ వాళ్లు ఆ లెక్క సరిచూశారు. నేరు ఉద్గారాలంటే షో, సామాను, బ్యాండు, సిబ్బంది ప్రయాణాలు. స్టేడియానికి వచ్చే జనం కార్లు అందులో లేవు, అది గుర్తుపెట్టుకునే మెచ్చుకోవాలి. ఇక 2023లో గార్డియన్, మరో రెండు వార్తాసంస్థలు కలిసి చేసిన పరిశోధనలో వెర్రా అనే సంస్థ ధ్రువీకరించిన అడవుల ఆఫ్‌సెట్ క్రెడిట్లలో 90 శాతం పైగా నిజమైన తగ్గింపు కిందికి రావని తేలింది, వెర్రా దాన్ని ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆఫ్‌సెట్ చాలావరకు కంటితుడుపు. ఆఫ్‌సెట్ కోసం పక్కన పెట్టిన డబ్బు మీ దగ్గర నిజంగా ఉంటే, దాంతో షో అయ్యాక హాలు నుంచి స్టేషన్‌కి ఒక షటిల్ బస్సు మాట్లాడండి, అరవై మంది కార్లు ఇంట్లోనే ఉంటాయి. అంత జనం లేని షో అయితే వాతావరణ సంస్థలకి సంగీతకారుల నుంచి డబ్బు చేర్చే ఎర్త్‌పర్సెంట్ లాంటి వాటికి ఇవ్వండి, సంగీతకారుడు బ్రయన్ ఈనో 2021లో మొదలుపెట్టింది అది. ఇచ్చినా, మా టూర్ వల్ల సున్నా నష్టం అని మాత్రం పోస్టర్ మీద వేయకండి.